కరకట్ట ఇవతల

ఆ ఏడు నీళ్ళు తొందరగా వచ్చాయి. ఉత్తరాన ఎక్కడో మంచు కరిగితే మా అచాఫలాయా నది నిండుతుంది, అది నిండితే మా ఇల్లు నిండుతుంది. నేను చెరకు రైతుల ఇంట్లో పుట్టినదాన్ని. మా పుట్టింట్లో వరద అంటే హడలు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి చూస్తే, మా మామయ్య క్లేబెర్ వరద కోసం పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూసేవారు. నీళ్ళు అడవిలోకి ఎక్కితే, పీతలా డెక్కలుండే రొయ్యలాంటి క్రాఫిష్ బొరియల్లోంచి బయటికొస్తుంది. చిత్తడి అడవి నిండా మా తీగబుట్టలు, బుట్టల నిండా ఎర్రటి డెక్కలు. ఆ నాలుగు నెలల మీదే మా ఏడాది చాలావరకు గడవాలి.

మామయ్యకు డెబ్భై దాటి చాలాకాలమైంది. మోకాళ్ళు అరిగిపోయి, వరండా మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునేవారు. పడవెక్కి ముందు పలక మీద కూర్చున్నాక మాత్రం ఆయన వయసు ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటు మా ఆయన వెండెల్ వెనక మోటారు తిప్పేవాడు. మధ్యలో కూర్చుని బుట్టలు ఖాళీచేసి మళ్ళీ ఎర వేసే మనిషి ఆ సంవత్సరం రిఫైనరీలో పని దొరికి వెళ్ళిపోయాడు. అందుకని ఆ చోట్లో నేను కూర్చున్నాను. ఎర చేపల కంపు చేతులకి పట్టి వదిలేది కాదు. మా ఆడపిల్లలిద్దరూ మొదటి వారమంతా నేను దగ్గరికొస్తే ముక్కు మూసుకున్నారు.

నేను సింకు దగ్గర నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటుంటే మామయ్య చూసి, "అది నిమ్మకాయకి పోదమ్మాయ్," అన్నారు. "జూన్ వస్తే పోతుంది."

అంతకుముందు చలికాలంలో ఒక చమురు కంపెనీ కరకట్ట అవతలి చిత్తడి పల్లానికి, అంటే మా బేసిన్‌కి అడ్డంగా పైపులైను వేసింది. కాలువ తవ్వి, పైపు దించి, తవ్విన మట్టిని పక్కనే గట్టుగా పోసింది. పని అయ్యాక ఆ మట్టి తీసేస్తామన్నారు. తియ్యలేదు. మేము రోజూ వెళ్ళే బేయూ తోర్తూ అనే పాయకి ఆ గట్టు సరిగ్గా అడ్డం పడింది. గట్టుకి అవతల లాక్ రోండ్ సరస్సు, మంచి పారే నీళ్ళు, మా బుట్టల్లో ముప్పాతిక వంతు. ఇవతల, గట్టుకీ ఊరి కరకట్టకీ మధ్య ఎటూ పోలేక చిక్కుకున్న నీళ్ళు. పెద్ద నది మీదుగా చుట్టూ తిరిగి సరస్సుకు చేరొచ్చు, కానీ ఆ దారిన పోతే పట్టిన సరుకంతా పెట్రోలుకే సరి. అందుకని అందరూ చేసే పనే మేమూ చేసేవాళ్ళం. గట్టు దగ్గర ఒకరు దిగి, తాడు భుజానికేసుకుని, పడవను మట్టి మీదుగా లాగి అవతలి నీళ్ళలోకి దించేవాళ్ళం.

మార్చిలో ఒక రోజు పడవల రేవులో కర్బీ మా దగ్గరికి వచ్చాడు. కర్బీ పోలీసు ఉద్యోగి. సెలవు రోజుల్లో పైపులైను కంపెనీకి కాపలా కాస్తాడు. అతని తాతా, మా మామయ్యా కుర్రతనంలో ఒకే పడవలో వేట చేసినవాళ్ళు.

"నోంక్, ఒక మాట," అన్నాడు. మా వైపు ఇంటి పెద్దల్ని అలాగే పిలుస్తారు. "గట్టు మీద పసుపు బోర్డులు పెట్టారు, చూశారా?"

"చూశాను. చదవలేదు. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది."

"వేళాకోళం కాదు నోంక్. చట్టం మారింది. పైపు ఉన్న నేల మీద పర్మిషన్ లేకుండా కాలు పెడితే ఇదివరకులా జరిమానాతో పోదు. పెద్ద నేరం కింద రాస్తారు. ఐదేళ్ళ దాకా జైల్లో వెయ్యొచ్చు."

"నీళ్ళ మీద పోతే?"

"నీళ్ళు అందరివే. పడవలో ఉన్నంతసేపు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నేల మీదికి దిగకండి, అంతే."

"అయితే పడవకి రెక్కలు కట్టించమంటావా?" అన్నాడు వెండెల్.

కర్బీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనొక్కణ్ణే ఉన్న రోజు నా చూపు పక్షుల మీద ఉంటుంది. వాళ్ళ సూపర్‌వైజర్ పక్కనున్న రోజు నాకు కళ్ళు కనిపిస్తాయి. తర్వాత నన్ను అనుకోవద్దు."

"మీ తాతకీ అంతే, అవసరమైనప్పుడే కళ్ళు కనిపించేవి," అన్నారు మామయ్య. కర్బీ నవ్వాడు. నేనూ నవ్వాను.

వెండెల్ నవ్వలేదు. క్రాఫిష్ కాలం అయిపోయాక అతను నది మీద ఓడల్ని లాగే టగ్ పడవల్లో పనిచేస్తాడు. ఆ పనికి ఓడరేవు కార్డు ఉండాలి. పెద్ద నేరం పేరు మీదకొస్తే ఆ కార్డు పోతుంది. పైగా అంతకుముందోసారి వేట క్లబ్బువాళ్ళు గొలుసు కట్టి మూసిన పాయలోకి వెళ్ళాడని అతని మీద కేసు పెట్టి, మందలించి వదిలేశారు. రెండోసారి అయితే మందలింపుతో పోదని ఆరోజే చెప్పి పంపారు. అయినా మర్నాడు పొద్దున్నే గట్టు దగ్గర తాడు భుజానికేసుకుని దిగాడు. దిగక ఏం చేస్తాడు.

గుడ్ ఫ్రైడేకి ముందు వారం. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఆ రోజు క్రాఫిష్ ఉడకాల్సిందే కాబట్టి సరుకుకి ఎన్నడూ లేని గిరాకీ. గట్టు దగ్గర వెండెల్ దిగి తాడు లాగుతున్నాడు. నేను వెనక నిలబడి కర్రతో నెడుతున్నాను. పడవ ముక్కు సగం మట్టి మీదికి ఎక్కింది. అంతలో మలుపు అవతల మోటారు చప్పుడు వినిపించింది.

"కర్బీ పడవలా ఉంది," అన్నాడు వెండెల్, తాడు వదలకుండా.

మామయ్య కూర్చున్న చోటు నుంచి చెట్ల సందులోంచి చూశారు. నేనూ చూశాను. పడవలో ఇద్దరున్నారు. ఒకరి నెత్తి మీద తెల్ల హెల్మెట్.

మామయ్య లేచి పడవ అంచు మీదుగా ఒక కాలు అవతల వేశారు. సాయం పట్టడానికి దిగుతున్నారనుకుని, "వద్దు మామయ్యా, జారుతుంది," అన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. రెండో కాలు దించేసరికి మోకాలు మడతపడి పడవ అంచు పట్టుకుని నిలదొక్కుకున్నారు. మెల్లగా బురదలో రెండడుగులు వేసి, వెండెల్ భుజం మీది తాడు తీసి తన భుజాన వేసుకున్నారు.

"పడవెక్కు," అన్నారు.

"నాన్నా, నువ్వెందుకు దిగావు?"

"ఎక్కరా."

గొంతు పెంచలేదు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, బడి పిల్లవాడిలా వచ్చి పడవలో కూర్చున్నాడు. అతని బూట్లకి మోకాళ్ళ దాకా గట్టు మట్టి. నేను ఎర చేపల గోనెసంచి లాగి అతని కాళ్ళ మీద కప్పాను. నాకెవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే ఆ పని చేసింది.

కాపలా పడవ వచ్చి పక్కన ఆగింది.

"గట్టు మీదికి దిగింది ఎవరు?" అన్నాడు హెల్మెట్ మనిషి.

"నేను. కనిపిస్తూనే ఉన్నాను కదా," అన్నారు మామయ్య.

"దూరం నుంచి వేరే మనిషిలా అనిపించాడు. పొడుగ్గా."

కర్బీ మా వైపు తిరిగాడు. ముందు వెండెల్ మొహం చూశాడు. తర్వాత గోనెసంచి చూశాడు, దాని మీద ఇంకా ఉన్న నా చెయ్యి చూశాడు.

"నేను చూసింది ఈయన్నే," అన్నాడు. "గట్టు మీద ఇంకెవరూ లేరు."

ఆ తర్వాత అతను దిగి మామయ్య దగ్గరికి వెళ్ళి, "నోంక్, చేతులు ముందుకు పెట్టండి," అన్నాడు.

"మరి ఈ తాడు?"

కర్బీ ఆ తాడు అందుకుని తనే మా పడవ కొక్కేనికి ముడివేశాడు. ఆయన చేతులకి బేడీలు వేసి, చంకల కింద పట్టుకుని తన పడవలోకి ఎక్కించాడు. పడవ కదిలేముందు మామయ్య వెనక్కి తిరిగి, "ఎండ ఎక్కకముందే బుట్టలు ఎత్తేయండి," అన్నారు, తాను రేవుకి పోయి కాఫీ తాగొస్తానన్నట్టు.

ఆ రోజు మేము ఒక్క బుట్ట కూడా ఎత్తలేదు.

ఆయన జైలు నుంచి పూచీకత్తు మీద ఇంటికొచ్చాక న్యూ ఆర్లీన్స్ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. మిస్ ఆగస్టీన్. మాలాంటివాళ్ళ కేసులు ఫీజు లేకుండా చూస్తుందట. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నేనిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, ఇంత చిక్కనిది ఎలా తాగుతారని నవ్వి, పనిలోకి దిగింది.

"నీళ్ళు ప్రజలవి. అందులో ఎవరికీ అనుమానం లేదు. నేల యజమానిది. నీళ్ళు ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలవుతుందన్నదే మన రాష్ట్రంలో తెగని తగువు."

"ఆ చోట మే నెలలో నా మెడలోతు నీళ్ళుండేవి," అన్నారు మామయ్య. "అక్టోబరులో అక్కడే జింకలు మేస్తాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఇప్పుడు కంపెనీవాళ్ళు నీళ్ళలోకి మట్టి తెచ్చి పోసి, మా మట్టి మీద కాలు పెట్టావు దొంగా అంటున్నారు. ఆ మట్టి లేకపోతే నేను దిగేవాణ్ణే కాదు కదమ్మా."

లాయరమ్మ రాయడం ఆపి ఆయన్ని చూసింది. "ఈ మాటే కోర్టులో చెప్పండి. నాకు ఇలాంటి కేసు ఇన్నాళ్ళకి దొరికింది. గెలిస్తే మీరు ఒక్కరే బయటపడరు. బేసిన్‌లో వేట చేసే ప్రతివాళ్ళకీ దారి తెరుచుకుంటుంది."

మామయ్య మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నారు.

"ఎప్పుడు మొదలుపెడదాం?"

"విచారణ అడుగుతాను. పడవలో ఉన్న మీ అబ్బాయినీ కోడలినీ సాక్షులుగా పిలుస్తారు. బైబిల్ మీద ప్రమాణం చేయించి, ఆ రోజు జరిగింది మొదటి నుంచి చెప్పమంటారు. ఏమీ కంగారు లేదు. జరిగింది జరిగినట్టు చెబితే చాలు."

మామయ్య పంచదార వేసుకోని కాఫీని చెంచాతో చాలాసేపు తిప్పారు.

"వాళ్ళని పిలవకుండా కుదరదా?"

"కుదరదు. మనం పిలవకపోతే అవతలివాళ్ళు పిలుస్తారు."

"అయితే విచారణ వద్దు."

"క్లేబెర్ గారూ, మీరు చెప్పిన ఆ మాట—"

"బాగానే ఉంటుందమ్మా ఆ మాట. ఇంకెవరైనా చెబుతారు. నేను ఒప్పుకుంటాను."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వెండెల్ బల్ల వైపు చూస్తున్నాడు. ఆమెకి అర్థమైందనే అనుకుంటాను. ఇంకో ప్రశ్న అడగకుండా కాగితాలు సంచిలో పెట్టుకుంది. "జైలు లేకుండా చూస్తాను," అని మాత్రం అంది.

ఆమె కారు వీధి మలుపు తిరగ్గానే వెండెల్ లేచాడు. "రేపు నేనే వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెప్పి?"

"చెప్పి... ఏదైతే అదవుతుంది."

"ఏదైతే అది కాదు. కార్డు పోతుంది, నువ్వు లోపలికి పోతావు, వీళ్ళు ముగ్గురూ నా మొహం చూస్తూ కూర్చుంటారు. నా దగ్గర ఏముందిరా వాళ్ళు పట్టుకుపోవడానికి? ఇల్లు నీ పేరు మీద ఉంది. ఈ మోకాళ్ళు కావాలా, ఇచ్చేస్తాను, మోసుకుపొమ్మను."

వెండెల్ పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మోటారు విప్పుతూ బిగిస్తూ ఉన్నాడు. దానికి ఏ రిపేరూ లేదు.

మామయ్య కోర్టుకి, అత్తయ్య అంత్యక్రియలప్పుడు కొన్న సూటు వేసుకున్నారు. జడ్జి మంచివాడు. ఆ మాట నేను ఎత్తిపొడుపుగా అనడం లేదు. మామయ్య చేతికర్ర చూసి కూర్చోమన్నాడు. ఆయన నిలబడే ఉంటానన్నారు.

"మిమ్మల్ని చూస్తే నాకు మా నాన్న గుర్తొస్తున్నాడు," అన్నాడు జడ్జి. "ఆయనకీ మీలాగే వేట పిచ్చి. ఈ వయసులో మిమ్మల్ని జైలుకి పంపడం నాకిష్టం లేదు. తప్పు ఒప్పుకున్నారు కాబట్టి కేసు చిన్నది చేస్తున్నాను. జైలు లేదు, జరిమానా లేదు. రెండేళ్ళు మంచి నడవడితో ఉండండి. ఆ రెండేళ్ళూ కరకట్ట దాటి బేసిన్‌లోకి వెళ్ళకండి. అంతే."

లాయరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మామయ్య చెయ్యి నొక్కింది. మామయ్య అలాగే నిలబడి ఉన్నారు.

"అయ్యా, నాకు సరిగా అర్థం కాలేదు. పడవ నడపకూడదనా?"

"పడవలో కూర్చోకూడదు కూడా. అసలు లోపలికే వెళ్ళకూడదు."

"కట్ట మీద నిలబడొచ్చా?"

జడ్జి ఆ ప్రశ్న ఊహించలేదు. ప్రభుత్వ లాయరు వైపు చూశాడు. ఆయన లేచి ఏదో మెల్లగా చెప్పాడు.

"కట్టెక్కితే లోపలికి దిగబుద్ధవుతుంది కదండీ," అన్నాడు జడ్జి, చిన్నపిల్లలకి చెప్పినంత మెత్తగా. "మీ మంచికే చెబుతున్నాను. ఇవతలి వైపునే ఉండండి."

"సరేనయ్యా," అన్నారు మామయ్య.

ఇంటికొచ్చే దారిలో కారు ఊరి పొలిమేర దాటాక మామయ్య కిటికీలోంచి చూస్తూ, "మంచివాడే, జడ్జి," అన్నారు.

ఆ తర్వాత ఆ క్రాఫిష్ కాలం అయ్యేదాకా ఏ పడవా గట్టు మీదుగా దాటలేదు. మామయ్యకి పట్టిన గతి అందరూ చూశారు. వెండెల్ ఒక్కసారి నది మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళి, లాక్ రోండ్‌లో మిగిలిపోయిన బుట్టలన్నీ ఎత్తి తెచ్చి, కరకట్టకీ గట్టుకీ మధ్య నీళ్ళలో వేశాడు. ఎర వెయ్యడానికి చుట్టాల కుర్రాడు వస్తున్నాడనీ, నన్ను మామయ్య దగ్గర ఉండమనీ అన్నాడు. నేను పడవ మానేశాను.

రోజూ తెల్లవారకముందే వెండెల్ ట్రక్కు వెళ్ళిపోయేది. ఆ చప్పుడుకే మామయ్య లేచేవారు. అలవాటు ప్రకారం బట్టలు వేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, కాఫీ తాగి వరండాలో కూర్చునేవారు. ఎండ నెత్తికెక్కేదాకా ఆ బూట్లు అలాగే ఉండేవి.

"విప్పండి మామయ్యా, కాళ్ళు ఉడికిపోతాయి."

"ఇంకాసేపు ఆగమ్మా," అనేవారు.

సాయంత్రం వెండెల్ రాగానే అడిగేవారు. "ఎలా ఉంది?"

"బాగానే పడుతున్నాయి నాన్నా."

"నీళ్ళు కదులుతున్నాయా?"

"కదులుతున్నాయి."

వెండెల్ ఆయన మొహంలోకి చూస్తూ మాట్లాడటం మానేశాడు. స్నానానికి పోతూనో, ఫ్రిజ్ తలుపు తెరుస్తూనో జవాబిచ్చేవాడు. అప్పుడప్పుడూ ఒక చిన్న సంచి క్రాఫిష్ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. నేను ఉడకబెట్టేదాన్ని. మామయ్య రెండు మూడు తిని చేతులు కడుక్కునేవారు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక కర్బీ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడిపోయాడు.

"పైకి రా. కాఫీ ఉంది," అన్నారు మామయ్య.

వచ్చి కూర్చున్నాడు. వానల గురించీ, చర్చి పైకప్పు గురించీ మాట్లాడుకున్నారు. చివరికి కర్బీ టోపీ మోకాలి మీద తిప్పుతూ, "వచ్చే ఆదివారం డ్యూటీలో నేనొక్కణ్ణే," అన్నాడు. "తెల్లవారుజామున నా పడవలో కూర్చోబెడతాను. సరస్సు దాకా వెళ్ళి వచ్చేద్దాం. ఎవరికీ తెలియదు నోంక్."

మామయ్య వెంటనే కాదనలేదు. కళ్ళు మూసుకున్నారు. వంటింటి తలుపు దగ్గర నిలబడిన నేను, ఊ అంటే బాగుండునని దేవుణ్ణి అడిగాను.

"నీకు పిల్లలెందరు?" అన్నారు ఆయన.

"ఒక్కడే."

"తెలిస్తే నీ ఉద్యోగం పోతుంది. నా కేసు మళ్ళీ తెరుస్తారు. తెరిస్తే మావాడి దాకా పోతుంది. ఇంతమందిమి ఆ పడవలో పట్టం నాయనా."

కర్బీ తల ఊపాడు. లేచి వెళ్తూ నాకు కాఫీ కప్పు ఇచ్చాడు. కప్పు నిండుగానే ఉంది.

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం మామయ్య, "కారు తీస్తావా అమ్మాయ్, కట్ట దాకా పోయొద్దాం," అన్నారు. గాలి మారి రెండు రోజులైంది. దక్షిణం గాలి మానేసి కట్ట వైపు నుంచి వీస్తోంది. ఇంట్లోకి ఏదో మురుగు వాసన వస్తుంటే నేను కాలువ మూసుకుపోయిందేమోనని బ్లీచింగ్ పోసి కడిగాను.

కట్ట కింద పచ్చిగడ్డిలో ఆవులు మేస్తున్నాయి. ఆయన కారు దిగి, కర్ర ఊతంతో కట్ట మొదలు దాకా నడిచి అక్కడ ఆగారు. పైకి వెళ్ళే బాట ఎదురుగానే ఉంది.

"నువ్వెక్కి చూడు," అన్నారు.

ఎక్కాను. పైన నిలబడగానే ఆ వాసన మొహానికి కొట్టింది. నీళ్ళు మాడిన కాఫీ రంగులో, కదలకుండా, చెట్ల మధ్య ఎంత దూరం చూస్తే అంత దూరం నల్లగా పరుచుకుని ఉన్నాయి. మీద పడిన ఆకు పడిన చోటే ఉంది. ఊపిరాడక క్రాఫిష్ నీళ్ళలోంచి బయటికొచ్చి సైప్రస్ చెట్ల మొదళ్ళ మీదికి ఎక్కాయి. వందలు, వేలు, ఒకదాని మీద ఒకటి బెరడుని పట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చెట్లకి తుప్పు పట్టినట్టుంది.

కట్ట కింద అవతలి పక్క రేవు. అక్కడ మా పడవ గొలుసుకి కట్టేసి ఉంది. మోటారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. టార్పాలిన్ మీద ఆకులు రాలి ఉన్నాయి. మా బుట్టలన్నీ ఒడ్డున కుప్పగా పోసి ఉన్నాయి. పట్టపగలు, వెండెల్ వేటలో ఉండాల్సిన వేళ. అతని ట్రక్కు రేవులో లేదు.

మా ఊరి వెనక వరి రైతులు మళ్ళలో నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచుతారు. అక్కడ దినకూలీకి మనుషుల్ని పెట్టుకుంటారు. వెండెల్ బట్టలు ఉతికేది నేనే. ఆ మట్టి రంగు చూసి కూడా నాకు తట్టలేదు.

"ఏ రంగులో ఉన్నాయి?" కింద నుంచి మామయ్య అడిగారు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నారు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

"నల్లగా ఉన్నాయి మామయ్యా."

"చెట్లెక్కాయా?"

"ఎక్కాయి."

"బతికున్నాయా?"

"లేవు."

ఒక ఆవు ఆయన దగ్గరికి వచ్చి వాసన చూసి పక్కకి పోయింది.

"మన పడవ రేవులోనే ఉందా?"

నేను మళ్ళీ పడవ వైపు చూశాను, ఈసారి చూస్తే లేకుండా పోతుందన్నట్టు.

"ఉంది."

ఆయన కట్ట మీద ఆ గడ్డి ఎవరిదో, ఎంత పచ్చగా ఉందో చూస్తున్నట్టు చూశారు. తర్వాత, "దిగిరా అమ్మాయ్," అన్నారు. "అటు జారుతుంది. పక్క నుంచి దిగు."

కారులో నేను తాళం తిప్పబోతుంటే నా చేతి మీద చెయ్యి వేశారు.

"వెండెల్‌తో ఈ మాట అనకు."

"ఎందుకనకూడదు? ఇన్నాళ్ళూ ఆయన మన ఇద్దరికీ—"

"నేను గట్టు మీద ఎందుకు దిగానో వాడికి తెలుసు. ఇదిలా అయిందని నాకు తెలిసిపోయిందంటే వాడు నిలబడలేడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. అనకు."

నేను అననని చెప్పాను. ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం అన్నం, సాసేజ్ గ్రేవీ చేశాను. వెండెల్ స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. మెడ మీద ఎండకి తోలు ఊడుతోంది. అడవి నీడలో వేట చేసేవాడికి అలా ఊడదు. అది కూడా నేను ఆ రోజే చూశాను.

"ఎలా ఉంది?" అన్నారు మామయ్య.

"బాగానే పడ్డాయి నాన్నా."

"నీళ్ళు కదులుతున్నట్టున్నాయి."

"కదులుతున్నాయి."

"అయితే జూన్ చివరిదాకా లాగొచ్చు."

"లాగొచ్చు," అన్నాడు వెండెల్.

అంతటితో ఊరుకుంటారనుకున్నాను. మామయ్య ఊరుకోలేదు. ఎటు వైపు ఎక్కువ పడుతున్నాయని అడిగారు. పిడుగుపడ్డ చెట్టు వైపని వెండెల్ చెప్పాడు. అక్కడ లోతు ఎంతుందన్నారు. నడుము దాకా ఉందన్నాడు. మరి ఆ కొంగలు ఈసారి వచ్చాయా అన్నారు. వచ్చాయి నాన్నా, పిల్లలు కూడా పెట్టాయి అన్నాడు. చెప్పగా చెప్పగా వెండెల్ గొంతు తేలికపడింది. చాలా వారాల తర్వాత తలెత్తి తండ్రి మొహం చూస్తూ, లేని నీళ్ళ గురించీ పట్టని వేట గురించీ ఒక్కొక్కటే కల్పించి చెప్పాడు. మామయ్య అన్నం తినడం ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నారు. నేను గ్రేవీ గిన్నె పట్టుకుని స్టవ్ వైపు తిరిగి నిలబడ్డాను. పిల్లలు చూస్తారని.

జూన్ వచ్చింది. నా చేతుల కంపు ఎప్పుడో పోయింది. వెండెల్ టగ్ పడవ పనికి వెళ్ళాడు. కార్డు ఉంది కాబట్టి పని దొరికింది. చలికాలం వచ్చాక పడవ ఎవరో కొనుక్కున్నారు.

మామయ్య ఆ మరుసటి జనవరిలో, ఇంకా నీళ్ళు రాకముందే పోయారు. జడ్జి పెట్టిన గడువులో సగమైనా పూర్తికాలేదు. డాక్టరు గుండె అన్నాడు. శ్మశానం కరకట్టకి ఇవతలే కాబట్టి ఎవరి పర్మిషనూ అక్కర్లేకపోయింది. శవపెట్టెకి ఒక కొస కర్బీ పట్టాడు. లాయరమ్మ న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చి వెనక వరసలో నిలబడింది. అదే గట్టు మీద ఇంకెవరినో పట్టుకున్నారనీ, ఆ కేసు వాదిస్తున్నాననీ, ఇంకా తేలలేదనీ చెప్పింది.

అందరూ చర్చి హాల్లోకి భోజనాలకి వెళ్ళారు. వెండెల్ కనిపించకపోతే వెతుక్కుంటూ బయటికి వచ్చాను. ట్రక్కులో కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని. తలుపు తీసి పక్కన కూర్చున్నాను. అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు.

"ఎర్లీన్," అన్నాడు. "నాన్నకి తెలియదు కదా?"

"ఏంటి?"

"ఆ నీళ్ళ సంగతి. నేను వరి మళ్ళలో పనిచేసిన సంగతి."

"తెలియదు," అన్నాను.

"ఖాయమేనా?"

"నాతో ఎప్పుడూ అనలేదు. నువ్వు చెప్పినవే మర్నాడు వరండాలో కూర్చుని నాకు మళ్ళీ చెప్పేవారు. కొంగలు పిల్లలు పెట్టాయట, అని."

వెండెల్ తల స్టీరింగ్‌కి ఆనించి ఏడ్చాడు. ఆయన పోయిన దగ్గర నుంచి అదే మొదటిసారి. నేను అతని వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను.

"పోనీలే," అన్నాడు కాసేపటికి, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ఒక్కటైనా ఆయనకి దక్కింది."